హిస్టోన్ మార్పు రంగు పడడం లేదు, సెంట్రోమియర్ చుక్కలు కనబడవేం?

వేరుకొన (తిరుపతి):
మధ్యాహ్నం నుంచి సూక్ష్మదర్శిని ముందే ఉన్నాను, కళ్లు మండిపోతున్నాయి. సెంట్రోమియర్‌లో (విభజనలో క్రోమోజోమును లాగే తాళ్లు పట్టుకునే చోటు) ఉండే సెన్ప్-ఏ అనే హిస్టోన్‌కు (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్) అతుక్కునే యాంటీబాడీ వేశాను, దాని మీద ఎర్రగా వెలిగే రెండో యాంటీబాడీ వేశాను. డీఎన్ఏకు పట్టే డాపీ రంగు నీలంగా చక్కగా వచ్చింది, విభజనలో ఉన్న కణాలూ దొరికాయి. కానీ సెంట్రోమియర్ దగ్గర ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. గాఢత పెంచాను, బఫర్ మార్చాను, కొండెక్కి మొక్కుకోవడం తప్ప అన్నీ చేశాను. సోమవారం గైడ్ గారికి చూపించాలి. సెన్ప్-ఏ లేనిదే కైనెటోకోర్ (ఆ తాళ్లను పట్టుకునే ప్రోటీన్ల కట్ట) కట్టుకోదు కదా, మరి అది ఎక్కడికి పోయినట్టు?

కణం:
ఏ జీవి?

చిత్తూరు మాస్టారు:
అమ్మా, ముందు శీర్షిక సరిచేయి. హెచ్3 అనే మామూలు హిస్టోన్ మీద ఫాస్ఫేట్ ఎక్కితే అది మార్పు. సెన్ప్-ఏ హిస్టోన్ వేరియంట్, అంటే హెచ్3 బదులు కూర్చునే వేరే రూపం, దానికి వేరే జన్యువే ఉంది. 1985లో ఎర్న్‌షా, రాత్‌ఫీల్డ్ అనే పరిశోధకులు స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) రోగుల సీరంతో సెంట్రోమియర్ ప్రోటీన్లను ఏ, బీ, సీ అని గుర్తించారు. ఎలుకల్లో సెన్ప్-ఏ జన్యువు తీసేస్తే పిండం ఆరున్నర రోజులు దాటి బతకలేదు. ఇవి తెలియకుండా రంగులేస్తే ఏం లాభం?

స్లైడు పిచ్చి:
మార్పన్నా వేరియంటన్నా ఆవిడకు కావలసింది చుక్కలు మాస్టారూ. అమ్మాయీ, కణాలను దేనిలో స్థిరపరిచారు? ఆల్కహాలు, అసిటిక్ ఆమ్లం మిశ్రమమైతే అక్కడే దెబ్బ తిన్నట్టు. క్రోమోజోములు లెక్కపెట్టడానికి అది బాగుంటుంది గానీ ఆమ్లంలో హిస్టోన్లు జారిపోతాయి. మన కాలేజీల్లో అన్నిటికీ అదే వాడిస్తారు, ఎన్నిసార్లు చెప్పినా వినరు.

కణం:
ఏ జీవి అని అడిగాను.

వేరుకొన (తిరుపతి):
పేరులోనే ఉంది కదండీ, వేరు కొనలు. వేరుశనగ, కదిరి-6 రకం గింజలు తడిగుడ్డలో మొలకెత్తించాను. స్థిరపరిచింది 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లోనే. అసిటిక్ ఆమ్లం ముట్టుకోలేదు.

కణం:
యాంటీబాడీ ఎవరి సెన్ప్-ఏకి తయారైంది? సీసా చూడండి.

వేరుకొన (తిరుపతి):
మనిషిది అని ఉంది. పక్క ల్యాబులో హీలా కణాలకు (ల్యాబుల్లో పెంచే మనిషి కణాలు) బ్రహ్మాండంగా పనిచేసింది. హిస్టోన్లు అన్ని జీవుల్లో ఒకటేగా?

కణం:
మామూలు హిస్టోన్లయితే దాదాపు అంతే. హెచ్4 అనే హిస్టోన్ తీసుకుంటే, బఠానీదానికీ ఆవుదూడదానికీ 102 అమైనో ఆమ్లాల్లో తేడా రెండే. సెన్ప్-ఏ అలా కాదు. డీఎన్ఏ చుట్టుకునే మధ్యభాగంలో పోలిక ఉంటుంది, ముందున్న తోక మాత్రం జాతికొక తీరు. యాంటీబాడీలు చాలావరకు ఆ తోక ముక్కకే తయారుచేస్తారు. మొక్కల్లో ఈ ప్రోటీన్‌ను సెన్-హెచ్3 అంటారు. వేరుశనగ సెన్-హెచ్3 తోకకు సరిపడేది కావాలి, మనిషిదాన్ని ఎంత గాఢంగా పోసినా అతుక్కోదు.
స్లైడు మీద అనుమానముంటే హెచ్3 సెరీన్-10 ఫాస్ఫేట్ (తోకలో పదో అమైనో ఆమ్లమైన సెరీన్ మీది ఫాస్ఫేట్) యాంటీబాడీ వేసి చూడండి. ఆ ముక్క మొక్కకూ మనిషికీ ఒకటే. మొక్కల్లో మైటోసిస్ (కణవిభజన) వేళ సెంట్రోమియర్‌కు అటూ ఇటూ వెలుగుతుంది. అది కనిపిస్తే మీ పనిలో లోపం లేనట్టే.

చిత్తూరు మాస్టారు:
తోక సంగతే నేనూ చెప్పబోయాను. 2010లో రవి, సైమన్ చాన్ అనే పరిశోధకులు అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగ మొక్కలో సెన్-హెచ్3 తోక మార్చి, ఆ మొక్కను మామూలు మొక్కతో సంకరం చేశారు. తోక మార్చిన వైపు క్రోమోజోములు పిండ దశ విభజనల్లో రాలిపోయి, సంతానంలో కొన్ని సగం క్రోమోజోములతోనే మొలిచాయి.

పీలేరు రైతుబిడ్డ:
సార్, వేరుశనగలో అలా చేస్తే కొత్త రకం త్వరగా వస్తుందా? మా నాన్నగారు విత్తనం కోసం ఏటా తిప్పలు పడుతున్నారు.

చిత్తూరు మాస్టారు:
సగమైనవాటిని కోల్చిసిన్ అనే మందుతో రెట్టింపు చేస్తే ఒక్క దెబ్బకు శుద్ధ వంశం (తరాలు మారినా గుణాలు మారని రకం) వస్తుంది నాయనా. అది సిద్ధాంతం.

కణం:
వేరుశనగ రెండు జాతులు కలిసిన పంట, 40 క్రోమోజోములు. విత్తనం దాకా రావాలంటే చాలా దూరం.

స్లైడు పిచ్చి:
అందుకే ఉల్లి వేరు తీసుకోవాలి. 16 క్రోమోజోములు, ఒక్కొక్కటీ ఇంతింత లావు. వేరుశనగవి చిన్నవి, చుక్క పడినా వెతుక్కోవాలి.

వేరుకొన (తిరుపతి):
గైడ్ గారు వేరుశనగే కావాలన్నారు. సెరీన్-10ది పక్క ల్యాబులో ఉందట, అడుగుతాను. థాంక్స్ అండీ.

స్లైడు పిచ్చి:
కణకవచం కరగడానికి సెల్యులేజ్, పెక్టినేజ్ ఎంజైముల్లో ఎంతసేపు ఉంచారో చెప్పనే లేదు. అది సరిగా కరగకపోతే ఏ యాంటీబాడీ అయినా లోపలికి దూరదు.

స్లైడు పిచ్చి:
అమ్మాయీ?