పచ్చి చొరీసో: బయట మాడి, లోపల పచ్చిగా ఉంటోంది. ఎలా వండాలి?

ప్రశ్న

పచ్చి చొరీసో (మిరపపొడి కలిపి రుబ్బిన పంది మాంసం) అరకిలో ఉంది. సగం సాసేజ్‌లుగా, సగం తొడుగు లేకుండా విడిగా. నూనె కాగాక వేయిస్తే బయట నల్లబడి చేదెక్కుతోంది, లోపల మెత్తగానే ఉంటోంది. మిరపపొడి వల్ల మాంసం ఎప్పుడూ ఎర్రగానే కనిపిస్తుంది కాబట్టి ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేకపోతున్నా. గుడ్లలో కలిపితే ఎర్రనూనె మడుగు కట్టి గుడ్లు జావలా అయ్యాయి. సరైన పద్ధతి, గుడ్లు కాక ఇంకేమేం చేయవచ్చో చెప్పగలరు.

జవాబు 1

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి. ఒకే పేరుతో మూడు వేర్వేరు సరుకులు అమ్ముతారు. గట్టిగా, కత్తితో పలుచగా చక్రాలు కోయగలిగితే అది స్పెయిన్ తరహా ఎండు చొరీసో, వండకుండానే తింటారు. నొక్కితే వేలు దిగేంత మెత్తగా ఉండి, పొగ పట్టిన ఎర్రమిరప పొడి, వెల్లుల్లి వాసన వస్తే స్పెయిన్ పచ్చిరకం. పుల్లటి వెనిగర్ వాసన, ఎండుమిర్చి ఘాటు ఉండి, తొడుగు చీల్చగానే పొడిపొడిగా విడిపోతే మెక్సికో రకం. చివరి రెండూ పచ్చి మాంసమే, తప్పకుండా వండాలి.

మీ తప్పల్లా కాగిన నూనెలో వేయడమే. చొరీసోలో కొవ్వు బోలెడు, దానికి వేరే నూనె అక్కర్లేదు. మిరపపొడిలో చక్కెరలుంటాయి, అవి చాలా త్వరగా మాడతాయి. అందుకే చేదు. విడిగా ఉన్న 250 గ్రాములను చల్లటి పెనంలో పరిచి, 2 పెద్ద చెంచాల నీళ్లు పోసి, మధ్యస్థం కన్నా కాస్త తక్కువ సెగ మీద పెట్టండి. నీరున్నంతసేపూ పెనం వేడి 100 డిగ్రీలు దాటదు, ఆలోగా కొవ్వు మెల్లగా కరిగి బయటికొస్తుంది. గరిట అంచుతో చిదుపుతూ ఉండండి. 6, 7 నిమిషాలకు బుడగల చప్పుడు మారి చిటచిటలాడుతుంది, అంటే నీరు ఇగిరిపోయినట్టు. అక్కడి నుంచి 3 నిమిషాలు వేయిస్తే చాలు. మెక్సికో రకంలో వెనిగర్ తడి ఎక్కువ, దానికి విడిగా నీళ్లు పోయకండి.

ఉడికిందా అన్నదానికి రంగు సాక్ష్యం కాదు, మాంసంలో గుచ్చే వంట థర్మామీటరే సాక్ష్యం. రుబ్బిన పంది మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. సాసేజ్ అయితే పక్క నుంచి కాకుండా చివర నుంచి నిలువుగా గుచ్చి నడిబొడ్డు వేడి చూడండి.

గుడ్లకు: 4 గుడ్లకు 100 గ్రాముల చొరీసో. వేగాక చొరీసో పక్కకు తీసి, పెనంలో ఒక పెద్ద చెంచా కొవ్వు మాత్రం ఉంచి మిగతాది వంచేయండి. గిలకొట్టిన గుడ్లు సన్నసెగ మీద సగం గట్టిపడ్డాక చొరీసో తిరిగి కలపండి. మొదటే కలిపితే కొవ్వు, గుడ్డు విడిపోయి మీరన్న జావే వస్తుంది. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, చొరీసోలో అప్పటికే సరిపడా ఉంటుంది.

జవాబు 2

సాసేజ్‌లను చీల్చకండి, వాటికి అంతకన్నా మంచి దారి ఉంది. స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతపు సిద్రా వంట, అంటే పులిసిన ఆపిల్ రసంలో చొరీసో. ఒక వెడల్పాటి గిన్నెలో 400 గ్రాముల సాసేజ్‌లు, ఒక బిర్యానీ ఆకు, 300 మిల్లీలీటర్ల తీపి లేని (డ్రై) సిద్రా పోయండి. తియ్యటిది వద్దు, ఇగిరేసరికి పాకం అయిపోతుంది. అది చిన్నగా కదులుతుండాలే తప్ప తెర్లకూడదు. తెర్లితే తొడుగు బిగుసుకుని ఫట్‌మని పగులుతుంది, లోపలి రసం కారిపోయి మాంసం పొడిబారుతుంది. 15, 20 నిమిషాలు ఉడికించి, సాసేజ్‌లు తీసి వేలెడంత ముక్కలు కోసి, గిన్నెలో మిగిలిన ద్రవం చెంచాకు అంటేదాకా ఇగిర్చి, ముక్కలు మళ్లీ దొర్లించండి. రొట్టెతో ఆ ఎర్రటి పులుసే అసలు రుచి.

తొడుగును ఫోర్కుతో పొడవమని చాలామంది చెబుతారు. ఈ వంటలో నేను పొడవను, కొవ్వంతా ద్రవంలోకి పోతుంది. కొవ్వు తగ్గాలనుకుంటే మాత్రం రెండు చోట్ల గుచ్చండి. తొడుగు ప్లాస్టిక్‌దైతే వండే ముందే తీసేయండి, మెక్సికో రకం కొన్ని అలా వస్తాయి. పేగు తొడుగు తినవచ్చు.

జవాబు 3

స్పెయిన్ రకమైతే అక్కడి రియోహా ప్రాంతపు బంగాళదుంప కూర చేయకుండా వదలకండి. కిలో దుంపలకు 250 గ్రాముల చొరీసో, ఒక ఉల్లిపాయ, 2 వెల్లుల్లి రెబ్బలు, ఒక బెల్ పెప్పర్. చొరీసోను 1.5 సెంటీమీటర్ల ముక్కలు కోసి సన్నసెగ మీద కొవ్వు దిగేలా వేయించి తీసి, అదే కొవ్వులో ఉల్లి, బెల్ పెప్పర్, వెల్లుల్లి మగ్గించండి. దుంపలను పూర్తిగా కోయకండి. కత్తి సగం దించి, మెలితిప్పి టక్‌మని విరవండి. విరిగిన గరుకు ముఖం నుంచి పిండి పులుసులోకి దిగి చిక్కబడుతుంది, నున్నగా కోస్తే పులుసు నీళ్లగానే ఉంటుంది. దుంపలు మునిగేంత నీళ్లు పోసి, చొరీసో తిరిగి వేసి 25, 30 నిమిషాలు. గరిటతో తిప్పకండి, గిన్నె చెవులు పట్టుకుని ఊపండి.

మెక్సికో రకం దీనికి పనికిరాదు, విడిపోయి పులుసంతా పుల్లబడుతుంది. దానితో దుంపలు వండాలంటే 2 సెంటీమీటర్ల ముక్కలు విడిగా ముప్పావు వంతు ఉడికించి, నీరు వంచి ఆరనిచ్చి, అప్పుడు వేగిన చొరీసోలో కలిపి అంచులు ఎర్రబడేదాకా వదిలేయండి. పచ్చి దుంపలు నేరుగా వేస్తే అవి ఉడికేలోగా చొరీసో రాయిలా అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగకరంగా ఉంది. వంచిన ఎర్ర కొవ్వు పారేయాలా? మిగిలిన పచ్చి చొరీసో ఎన్నాళ్లు నిలవుంటుంది? ఇంట్లో చేసుకుని వేలాడదీస్తే ఎండు చొరీసో అవుతుందా?

జవాబు 1

కొవ్వు పారేయకండి. మిరప రంగు నీటిలో కాకుండా కొవ్వులోనే కరుగుతుంది, కాబట్టి రుచి, రంగు రెండూ అందులోనే ఉన్నాయి. వడకట్టి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, వారంలోపు అన్నం వేయించడానికో, దుంపలకో, పప్పు మీద ఒక చెంచాగానో వాడండి. పొగ వచ్చేదాకా కాచారంటే మళ్లీ చేదే.

పచ్చిది ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు, వండినది 3, 4 రోజులు. అంతకు మించితే 100 గ్రాముల పొట్లాలుగా చదును చేసి ఫ్రీజర్‌లో పెట్టి, రెండు నెలల్లోపు వాడేయండి. కరిగించడం ఫ్రిజ్‌లోనే, వంటింటి గట్టు మీద కాదు.

ఇంట్లో వేలాడదీయడం మాత్రం వద్దు. నైట్రైట్ కలిసిన క్యూరింగ్ ఉప్పు కచ్చితమైన తూకంలో, తేమ, వేడి అదుపులో లేకుండా మాంసం ఎండబెడితే బొటులిజం విషం తయారయ్యే ప్రమాదం ఉంది, దాన్ని వాసనతో పట్టలేం. పచ్చిగా వండుకోవడానికైతే హాయిగా చేసుకోవచ్చు: 500 గ్రాముల పంది భుజం మాంసం, అందులో పావు వంతు కొవ్వు, 9 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల పొగ మిరపపొడి, 2 నూరిన వెల్లుల్లి రెబ్బలు. చల్లగా ఉన్నప్పుడే చేత్తో పిసికి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వండండి. మొత్తం వండే ముందు గోలీ అంత వేయించి ఉప్పు చూసుకోండి, పచ్చిది నాలుక మీద పెట్టకండి.