లాంగ్‌ఆర్మ్ మెషిన్‌కి చీరల బొంత బిగించడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. అమ్మ పాత నేత చీరలతో బొంత కుడుతున్నాను. పైభాగం అయిపోయింది, 80 అంగుళాల వెడల్పు, 90 పొడవు. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో లాంగ్‌ఆర్మ్ మెషిన్ (బొంతను రోలర్ల మధ్య బిగించి, దాని మీద మెషిన్‌ని నడిపిస్తూ కుట్టేది) కొన్నాను. రోలర్లకి తగిలించి ఉండే గుడ్డకి బొంతను బిగించే దగ్గరే ఆగిపోయాను.

అడుగు గుడ్డగా అమ్మ మంగళగిరి చీరలు రెండు కలిపి కుట్టి, నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉంచాను. అంగుళంన్నరకి ఒకటి చొప్పున గుండుసూదులు గుచ్చాను. రోలర్ తిప్పి బిగించగానే ఒక సూది దగ్గర పోగులు పక్కకి జరిగి, బియ్యపు గింజంత కంత పడింది. ప్రాణం ఉసూరుమంది. ఆ చీరల్ని ఇక లాగే ధైర్యం లేదు, విప్పేశాను.

అడుగున 108 అంగుళాల వెడల్పు కాటన్ వేద్దామనుకుంటున్నాను. దాన్ని పట్టుకోవడానికి జిప్పులు నయమా, రాడ్డు మీద నొక్కే ప్లాస్టిక్ క్లిప్పులు నయమా? జిప్పులైతే బొంతను సగంలో తీసి మళ్ళీ పెట్టుకోవచ్చంటారు, మీలో ఎవరైనా అలా చేశారా? పైభాగాన్ని రోలర్‌కి తగిలించకుండా, పరిచి వదిలేసి కుడితే చీర ముక్కలు సాగకుండా ఉంటాయా? నాకైతే అదే మంచిదనిపిస్తోంది.

ఆ వెడల్పు కాటన్, పలచటి కాటన్ బ్యాటింగ్ (బొంత మధ్యలో పరిచే దూది పొర) మీరు ఎక్కడ కొంటున్నారో కూడా చెప్పండి, ప్లీజ్.