అంపైర్ల పొట్టిమాటలు కొత్తవారికి మొదటి రోజే నేర్పాలా?

మూడోబేసు:

అమెరికాలో లిటిల్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లకు చాలా చోట్ల పిల్లల తల్లిదండ్రులే స్వచ్ఛందంగా అంపైర్లుగా నిలబడతారు. మా లీగులో ఈసారి అలా పేరిచ్చినవారిలో క్రికెట్ చూస్తూ పెరిగిన తెలుగువారు చాలామందే ఉన్నారు. వారికోసం ఒక అనుభవజ్ఞుడైన అంపైర్ తయారుచేసిన శిక్షణ కాగితం నిండా అక్షరాలూ అంకెలే: పీయూ, బీయూ, ఆర్1, బీఆర్, ఎఫ్6, టీఓపీ, ఎఫ్‌పీఎస్‌ఆర్. తెలియనివారికి చెబుతున్నాను. పీయూ అంటే హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనుక ఉండే అంపైర్, బీయూ అంటే బేస్‌ల (పరుగు కోసం రన్నర్ వరుసగా తాకవలసిన గుర్తులు) దగ్గర ఉండే అంపైర్. ఆర్1 మొదటి బేస్ మీది రన్నర్, బీఆర్ బంతిని కొట్టి పరుగందుకున్న బ్యాటర్. ఎఫ్ పక్కన ఉండేది ఫీల్డర్ అంకె. బంతి వేసే పిచర్ 1, ప్లేట్ వెనుక బంతి పట్టే క్యాచర్ 2, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, అలా రైట్ ఫీల్డర్ 9 వరకు. మిగిలినవి అడిగితే తప్ప తెలియవు.

ఈ కాగితాన్ని పక్కన పెట్టి, అన్నీ పూర్తి మాటల్లో రాసివ్వాలని నా వాదన. బాల్క్ (రన్నర్లను మోసగించే పిచర్ అక్రమ కదలిక) అంటే ఏమిటో, ఫోర్స్ (వెనుకవారు వస్తున్నందున రన్నర్ తప్పక ముందు బేస్‌కు వెళ్లవలసిన పరిస్థితి) ఎప్పుడు పోతుందో ఇంకా తడుముకుంటున్న మనిషి మీద ఈ లిపి కూడా మోపడం సబబు కాదు. పైగా ఇద్దరు అంపైర్లు మైదానం మధ్యలో నిలబడి ఇలాంటి మాటలతో మంతనాలాడితే, కంచె అవతల కూర్చున్న తల్లిదండ్రులకు ఏదో దాస్తున్నారన్న అనుమానమే మిగులుతుంది.

స్కోరుపుస్తకం:

మూడోబేసు గారూ, తల్లిదండ్రుల అనుమానం గురించి మీరు చెప్పినది నిజమే, కానీ కాగితాన్ని పక్కన పెట్టాలన్న మాటను ఒప్పుకోలేను. పిల్లల మ్యాచ్‌లలో సాధారణంగా ఇద్దరే అంపైర్లు నాలుగు బేస్‌లనూ చూసుకోవాలి. పిచ్‌కు పిచ్‌కు (పిచ్ అంటే ఇక్కడ పిచర్ వేసే బంతి) మధ్య దొరికే కొద్ది వ్యవధిలో, ఒకరికొకరు దూరంగా నిలబడి, ఎవరు ఏ బేస్ చూడాలో తేల్చుకోవాలి. రెండు ఔట్లు అయ్యి, మూడో ఔట్ పడేలోపు పరుగు వచ్చిందా లేదా అన్నది తేల్చవలసిన పరిస్థితి ఉన్నప్పుడు ప్లేట్ అంపైర్ రెండు వేళ్లతో మణికట్టును తడతాడు. అది కూడా పొట్టిమాటే, నోటితో కాక చేత్తో చెప్పేది.

ఒక ప్లే తీసుకోండి. మొదటి, రెండో బేస్‌ల మీద రన్నర్లు, ఒక ఔట్. బ్యాటర్ కొట్టిన నేలబంతిని షార్ట్‌స్టాప్ అందుకొని వెంటనే మొదటి బేస్‌కు విసిరితే, ఆ త్రో ఎత్తుగా పోయి కంచె దాటింది. రెండు డగౌట్ల (జట్లు కూర్చునే చోట్లు) నుంచీ కోచ్‌లు ముందుకు వస్తున్నారు, "వెళ్తున్న బేస్, దానిపైన ఇంకొకటి" అని స్టాండ్లలోంచి కేకలు. నియమం అది కానే కాదు. ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్) చేసిన మొదటి ప్లేలో త్రో బయటకు పోతే, పిచ్ వేసిన క్షణంలో ఎవరు ఎక్కడున్నారో అక్కడి నుంచి రెండు బేస్‌లు ఇవ్వాలి. రెండో బేస్ రన్నర్‌కు పరుగు, మొదటి బేస్ రన్నర్‌కు మూడో బేస్, బ్యాటర్‌కు రెండో బేస్. ఆ త్రో చేతిని వదిలేసరికే బ్యాటర్‌తో సహా అందరూ ఒక్కో బేస్ దాటి ఉంటే మాత్రం లెక్క త్రో క్షణం నుంచి మొదలవుతుంది. వెనుక దూరంగా నిలబడే అవుట్‌ఫీల్డర్ విసిరిన త్రోకూ అంతే. అంపైర్లు మొదటి లెక్కను టీఓపీ (టైమ్ ఆఫ్ పిచ్) అనీ, రెండో లెక్కను టీఓటీ (టైమ్ ఆఫ్ త్రో) అనీ అంటారు. "ఎఫ్6, మొదటి ప్లే, టీఓపీ నుంచి రెండు" అని ఇద్దరూ అనుకుంటే పని పూర్తవుతుంది. ఈ మాట వచ్చిన అంపైర్ ఆ కేకలకు తడబడడు, ఎందుకంటే లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ మూడు అక్షరాల్లోనే ఉంది. ఎల్‌బీడబ్ల్యూ అన్న మాటను మనం ఎవరూ విడదీసి నేర్చుకోలేదు, ఆట చూస్తూ నేర్చుకున్నాం. ఇదీ అలాగే వస్తుంది.

పసుపుబంతి:

నేను సాఫ్ట్‌బాల్ అంపైర్‌ని, అందువల్ల ఈ కాగితం మీద నాకున్న అభ్యంతరం వేరు. కొత్తవారికి కష్టమవుతుందని కాదు, ఒకే పొట్టిమాట అందరికీ ఒకే అర్థం ఇవ్వదని. బేస్‌బాల్ అంపైర్లకు ఆర్1 అంటే మొదటి బేస్ మీది రన్నర్. సాఫ్ట్‌బాల్ ఉదాహరణల పుస్తకాల్లో మాత్రం అందరికన్నా ముందున్న రన్నర్‌ను ఆర్1 అని రాసే పద్ధతి ఉంది. మొదటి, మూడో బేస్‌ల మీద మనుషులున్నప్పుడు ఆర్1 ఔట్ అని నేను రాస్తే, నా పక్కన నిలబడే బేస్‌బాల్ అంపైర్ దాన్ని సరిగ్గా తలకిందులుగా చదువుతాడు. ఇద్దరిదీ తప్పు కాదు, కానీ స్కోరు తప్పవుతుంది.

ఇంకొకటి, ఆ కాగితంలో ఎఫ్‌పీఎస్‌ఆర్ ఎందుకుంది? ఫోర్స్ ప్లేలో రన్నర్ స్లైడ్ అయితే (నేల మీద జారితే) బేస్ వైపు నేరుగానే కావాలన్న ఆ నియమం హైస్కూల్, కాలేజీ పుస్తకాలది. లిటిల్ లీగ్ పుస్తకంలో ఉన్నది వేరు: బంతి చేతిలో పెట్టుకొని ట్యాగ్ చేయడానికి (రన్నర్‌ను దానితో తాకడానికి) ఎదురుచూస్తున్న ఫీల్డర్‌ను రన్నర్ ఢీకొనకూడదు, స్లైడ్ కావాలి లేదా తప్పుకొని పోవాలి. అక్షరాలు నేర్చుకున్న కొత్త అంపైర్ ఆ అక్షరాల వెనుకనున్న వేరే పుస్తకపు నియమాన్ని కూడా తెచ్చి పన్నెండేళ్ల పిల్లవాడిని ఔట్ చేస్తాడు. బ్యాటర్ స్వింగ్‌కు క్యాచర్ గ్లవ్ అడ్డుపడితే ప్రొఫెషనల్ నియమావళి దాన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటుంది, హైస్కూల్ నియమావళి అబ్‌స్ట్రక్షన్ అంటుంది. ఆ రెంటికీ పొట్టిమాటలు కూడా రెండు.

మూడోబేసు:

పసుపుబంతి గారు చెప్పినది నా భయాన్ని ఇంకా పెంచింది. కాగితంలో లేకపోయినా, అంపైర్లు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునేటప్పుడు వాడే మరికొన్ని మాటలు కూడా ఇక్కడ చెప్పాలి. విసిగించే కోచ్‌ను ఎలుక అంటారు. ఎన్నడూ చూడని గందరగోళపు ప్లే వస్తే "థర్డ్ వరల్డ్ ప్లే" అంటారు. ఆ థర్డ్ వరల్డ్ నుంచి వచ్చిన నేను, నా పిల్లవాడి ఆటకు అంపైరింగ్ నేర్చుకుంటూ ఈ మాట ఎందుకు వినాలి? పొట్టిమాటల అలవాటు పెరిగే కొద్దీ, ఇవి కూడా వాటి వెంటే వచ్చి చేరతాయి.

స్కోరుపుస్తకం:

ఆ మాటల విషయంలో మీతో నాకు భేదమే లేదు, మా శిక్షణలో అవి వినపడితే నేనే ఆపుతాను. ఆర్1 ఒక స్థానాన్ని చెబుతుంది, టీఓపీ ఒక క్షణాన్ని చెబుతుంది. ఎలుక అన్న మాట అంపైర్ మనసును ముందే ఒక పక్షానికి తిప్పుతుంది. అలాంటిదాన్ని వృత్తి భాష అని నేను ఒప్పుకోను.

ఇక బయటివారితో ఎలా మాట్లాడాలన్నది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై (ఇన్‌ఫీల్డర్ సులువుగా పట్టగలిగే ఎత్తు బంతి, దాన్ని పట్టకపోయినా బ్యాటర్ ఔటే) వచ్చినప్పుడు అంపైర్ ఆ మాటను రన్నర్ల మేలు కోసం వెంటనే బిగ్గరగా ప్రకటించాలని నియమావళే చెబుతుంది, ఫౌల్ గీత (ఆడే చోటుకు హద్దు) దగ్గరైతే "ఫెయిర్ అయితే" (గీతకు లోపలే ఉంటే) అని కూడా చేర్చమంటుంది. అంటే ఆటగాళ్లకు పొట్టిమాట కుదరదని పుస్తకానికే తెలుసు. అంత చెప్పినా ప్రేక్షకులకు అందదు. 2012 అక్టోబర్ 5న అట్లాంటాలో బ్రేవ్స్, కార్డినల్స్ జట్ల వైల్డ్ కార్డ్ మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ వెనక్కి, లెఫ్ట్ ఫీల్డ్‌లోకి చాలా దూరం పరుగెత్తాడు, బంతి అతనికీ లెఫ్ట్ ఫీల్డర్‌కూ మధ్య నేల మీద పడింది. లెఫ్ట్ ఫీల్డ్ గీత మీదున్న అంపైర్ శామ్ హోల్‌బ్రుక్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఇచ్చాడు, బ్యాటర్ ఔటయ్యాడు. అంత దూరంలో ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఏమిటని స్టేడియం మండిపడింది, సీసాలు వచ్చి పడ్డాయి, ఆట 19 నిమిషాలు ఆగింది. నియమంలో దూరం ఊసే లేదు, ఇన్‌ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో పట్టగలడా అన్నదే ప్రశ్న. ఆ తీర్పు సరైనదేనా అన్నది నేటికీ వాదనే, కానీ అంపైర్ దేన్ని తూచాడో ఆ రాత్రి స్టాండ్లలో ఉన్నవారికి చెప్పే దారి లేదు.

2013 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) మూడో మ్యాచ్ అబ్‌స్ట్రక్షన్‌తోనే, అంటే ఫీల్డర్ రన్నర్‌కు అడ్డుపడటంతోనే ముగిసింది. త్రో కోసం ఎగిరి కిందపడిన మూడో బేస్‌మన్ మిడిల్‌బ్రూక్స్ మీద తట్టుకొని రన్నర్ అలెన్ క్రెయిగ్ పడిపోయాడు, మూడో బేస్ అంపైర్ జిమ్ జాయిస్ వెంటనే సైగ చేశాడు, ప్లేట్ దగ్గర క్రెయిగ్‌కు పరుగు ఇచ్చారు. అంపైర్ల భాషలో అది "టైప్ బీ" (ఆ క్షణంలో ఆ రన్నర్‌ను ఔట్ చేసే ప్రయత్నం జరగనప్పటి అడ్డు), ఆ ఒక్క మాటతో వారికి సరిపోతుంది. మ్యాచ్ తరువాత విలేకరుల ముందు మాత్రం వారు ఆ మాట మీద ఆధారపడలేదు, ఫీల్డర్‌కు అడ్డుపడే ఉద్దేశం ఉండనవసరం లేదని వివరించారు. 2022 నుంచి మేజర్ లీగ్‌లో రీప్లే నిర్ణయాలను అంపైరే మైకులో చెప్పడం మొదలయ్యాక, అదే అలవాటు ప్రతి స్టేడియానికీ వచ్చింది.

అందుకే నా ప్రతిపాదన ఇది. మొదటి రోజే పొట్టిమాటలు నేర్పుదాం, అవి అంపైర్‌కూ అంపైర్‌కూ మధ్యే ఉండాలి. కోచ్ వచ్చి అడిగితే "పిచ్ వేసినప్పుడు మీ రన్నర్ మొదటి బేస్ మీద ఉన్నాడు, అక్కడి నుంచి రెండు, అంటే మూడో బేస్" అని చెప్పాలి. లిటిల్ లీగ్‌లో నియమాన్ని తప్పుగా అన్వయించారని మేనేజర్ ప్రొటెస్ట్ చేయవచ్చు కాబట్టి, అంపైర్ రాసిచ్చే నివేదికలో ఒక్క పొట్టిమాట కూడా ఉండకూడదు.

పసుపుబంతి:

నివేదిక విషయంలో ఒప్పుకుంటున్నాను. మొదటి రోజే అన్నది మాత్రం ఒప్పుకోను. ముందు కొత్తవారిని మైదానంలోకి తీసుకెళ్లి బేస్‌ల మధ్య నిలబెట్టి, త్రో కంచె దాటితే ఎవరు ఎక్కడికి పోతారో నడిపించి చూపించండి. టీఓపీ అన్న మాట ఆ తరువాత చెప్పండి. ఎఫ్‌పీఎస్‌ఆర్‌ను ఇప్పుడే కొట్టేయండి, ఆర్1 పక్కన "మొదటి బేస్ మీది రన్నర్" అని రాసి పెట్టండి. అలా సవరించిన కాగితం వచ్చాక ఇక్కడ పెడితే, సాఫ్ట్‌బాల్ వైపు నుంచి నేను చదివి చెబుతాను.