మొదటి ఇల్లు, మొదటి హోమ్ లోన్: బ్యాంకా, ఫైనాన్స్ కంపెనీయా, ఎవరి దగ్గర తీసుకోవాలి?

మొదటి_ఇల్లు:
నమస్కారం అండీ. మా ఇంట్లో సొంతిల్లు కొంటున్నది నేనే మొదటిదాన్ని. లోన్ల సంగతి అడుగుదామంటే ఇంట్లో తెలిసినవాళ్లు లేరు. ఫ్లాట్ నచ్చింది, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. చేతిలో రెండు ఆఫర్లున్నాయి, రెండూ 20 ఏళ్లకే. నా జీతం పడే బ్యాంకు 9 శాతం, ఫ్లోటింగ్ (అంటే మధ్యమధ్యలో మారే రేటు) అంటోంది. బిల్డర్ పరిచయం చేసిన ఫైనాన్స్ కంపెనీ 8.5 ఇస్తానంటోంది. అది మొదటి రెండేళ్లు ఫిక్స్‌డ్, ఆ తర్వాత "కంపెనీ రేటు ప్రకారం" అని రాసుంది. వాళ్ల ఏజెంటు రోజూ ఫోన్ చేసి, ఈ వారంలో సంతకం పెడితే ప్రాసెసింగ్ ఫీజు సగమే అంటున్నాడు. బ్యాంకులో మేడమ్ మాత్రం కాగితాలన్నీ చేతికిచ్చి, ఇంటికెళ్లి చదువుకుని రండి అన్నారు. అర శాతం వదులుకోవడానికి మనసొప్పడం లేదు. నెలనెలా కట్టాల్సింది నేనొక్కదాన్నే. మీరైతే ఏం చూసి తేల్చుకుంటారు?

లోన్_సెక్షన్_రిటైర్డ్:
అమ్మా, హోమ్ లోన్ల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అర శాతం చిన్న విషయమని నేననను. 20 ఏళ్లకి లక్ష అప్పు మీద 9 శాతమైతే ఈఎంఐ 900, 8.5 అయితే 868. కానీ ఆ 868 ఎన్నాళ్లు? రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఒక్క నెల తప్పకుండా కట్టినా లక్షలో ఇంకా 96 వేల దాకా బాకీ ఉంటుంది, ఎందుకంటే మొదట్లో కట్టేదాంట్లో చాలావరకు వడ్డీకే పోతుంది. అంటే వాళ్ల రేటు మారే రోజుకి మీ అప్పు ఇంచుమించు అలాగే ఉంటుంది. అప్పుడు ఎంత వేస్తారో వాళ్లిష్టం. "కంపెనీ రేటు" అన్న ముక్కకి అర్థం అదే.

ఫ్లోటింగ్ అంటే భయపడకండి. బయట అందరికీ కనిపించే ఒక బెంచ్‌మార్క్ (రిజర్వ్ బ్యాంకు రెపో రేటు లాంటిది), దాని మీద వాళ్లు కలుపుకునే శాతం, అంటే మార్జిన్, ఈ రెండూ కాగితం మీద విడివిడిగా ఉండాలి. రేటు ఎన్ని నెలలకోసారి మారుస్తారో కూడా ఉండాలి. బెంచ్‌మార్క్ దిగితే మీ రేటూ దిగుతుంది.

ఇంకొకటి తప్పకుండా అడగండి: రేటు పెరిగితే ఈఎంఐ పెంచుతారా, గడువు పెంచుతారా? మొదటి నెలల్లోనే 9 కాస్తా 10 అయ్యి, మీరు అదే 900 కడుతూ పోతే 240 నెలల అప్పు 314 నెలలవుతుంది. ఆరేళ్లు ఎక్కువ! ఈఎంఐ మారలేదు కదా అని చాలామంది అటు చూడను కూడా చూడరు. ఎంచుకునే హక్కు మీకు ఎవరిస్తే వాళ్లకే నా ఓటు.

ఈఎంఐ_మధ్యలో:
పైన సార్ చెప్పినదానికి తోడు, లోన్‌తో పాటు ఇచ్చే ఇన్సూరెన్స్ సంగతి చూడండి. మా చెల్లెలి లోన్‌లో ప్రీమియం మొత్తాన్ని అప్పులోనే కలిపేశారు. ఇరవై ఏళ్లు దాని మీద కూడా వడ్డీ కట్టాలి! ఫీజులో సగం తగ్గించినా ఇలాంటి చోట రాబట్టుకుంటారు. బోనస్ వచ్చినప్పుడు కొంత ముందే కట్టేస్తే చార్జీ ఉందా అని కూడా అడగండి. చెల్లెలు బాగా నలిగింది అక్కడే.

మొదటి_ఇల్లు:
ఇద్దరికీ థాంక్స్ అండీ. రెండేళ్ల తర్వాత రేటు దేన్నిబట్టి వేస్తారో రాసివ్వమని కంపెనీకి మెయిల్ పెట్టాను. ఏజెంటు ఫోన్ చేసి "పెద్దగా మారదు మేడమ్" అన్నాడు, రాసి మాత్రం పంపలేదు. బ్యాంకు కాగితంలో బెంచ్‌మార్క్, మార్జిన్ విడిగానే ఉన్నాయి, మూడు నెలలకోసారి మారుస్తారట. బ్యాంకువైపే మొగ్గుతున్నాను. మరి ఆ 9 తగ్గించమని అడగొచ్చా?

లోన్_సెక్షన్_రిటైర్డ్:
అడగండమ్మా, మొహమాటం వద్దు. బెంచ్‌మార్క్ వాళ్ల చేతిలో ఉండదు, మార్జిన్ ఉంటుంది. మీ క్రెడిట్ స్కోరు బాగుంటే ఆ రెండో ఆఫర్ లెటర్ వాళ్ల ముందు పెట్టి మార్జిన్‌లో పావు శాతం తగ్గించమనండి. సంతకానికి ముందైతేనే మీ మాటకి బలం. ఒప్పుకుంటే కొత్త లెటర్ మీద ఆ అంకె పడేదాకా ఆగండి. బిల్డర్‌కి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు, లోన్ శాంక్షన్ కాకపోతే డబ్బు వెనక్కివ్వాలని అగ్రిమెంట్‌లో రాయించుకోండి.