లెథెమ్ విమానం: కొత్తగా గయానా వస్తున్న డాక్టరుకు సలహాలు

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది విజయవాడ. దక్షిణ అమెరికాలోని గయానాలో, లెథెమ్ అనే ఊళ్లో డాక్టరు ఉద్యోగం వచ్చింది. పనామా మీదుగా మధ్యాహ్నం రాజధాని జార్జ్‌టౌన్‌లో దిగుతాను. అదే సాయంత్రం లెథెమ్ విమానం అందుకోవచ్చా? పెద్ద సూట్‌కేసులు రెండున్నాయి, సగం పుస్తకాలే. ఆ విమానానికి ఒకటే ఇంజను అని విన్నప్పటి నుంచి అమ్మ కంగారు పడుతోంది.

జవాబు, జార్జ్‌టౌన్ నుంచి

అందుకోలేవు తమ్ముడూ, ఆ ఆలోచన మానుకో. నువ్వు దిగేది తిమెహ్రీలోని చెద్ది జగన్ విమానాశ్రయంలో. అది ఊరికి దక్షిణంగా 40 కిలోమీటర్లు. లెథెమ్ విమానాలు బయలుదేరేది ఊరికి తూర్పున, సముద్రం పక్కనున్న ఓగల్ నుంచి. ఒకప్పుడు అక్కడ చెరకు తోటలుండేవి. టికెట్ మీద మాత్రం యూజీన్ ఎఫ్. కొరేయా అంతర్జాతీయ విమానాశ్రయం అని ఉంటుంది, కంగారుపడకు. 2016లో ఆ పేరు పెట్టినప్పుడు మిగతా విమాన సంస్థల వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాళ్ల పోటీ సంస్థ ట్రాన్స్ గయానా ఎయిర్‌వేస్ కొరేయా కుటుంబానిదే కదా, మిగతావాళ్లు ఊరుకుంటారా! టాక్సీ వాళ్లు ఇప్పటికీ ఓగల్ అనే అంటారు.

లోపలి ఊళ్ల విమానాలన్నీ పగటిపూటే. అక్కడి రన్‌వేలు చాలావరకు అడవిలోనో గడ్డిమైదానంలోనో చదును చేసిన నేలలు, దీపాలుండవు. పొద్దుగూకేలోపు విమానం ఓగల్‌కు తిరిగి రావాలి. కాబట్టి ఆ రాత్రి ఊళ్లో పడుకుని మర్నాడు వెళ్లు. వాన పడితే ఇంకో రోజు ఆగాల్సి రావచ్చు. ఉద్యోగంలో చేరే తేదీ ముందే ఖరారు చేసుకోకు.

సూట్‌కేసుల సంగతి. కౌంటరు దగ్గర నిన్ను కూడా కాటా ఎక్కిస్తారు, చేతిసంచితో సహా. నువ్వెక్కే చిన్న విమానం సెస్నా కారవాన్‌లో పన్నెండు మందికి కాస్త అటూ ఇటూగా పడతారు. మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపే లెక్క. మామూలుగా 20 పౌండ్ల సామాను ఉచితం, అంటే మన 9 కిలోలు. ఆపైన ప్రతి పౌండుకూ డబ్బు కట్టాలి. కట్టినా చోటుంటేనే సామాను నీతో వస్తుంది, లేకపోతే తర్వాతి విమానంలో. బట్టలు, మందులు, సర్టిఫికెట్లు చేతిలో ఉంచుకో. పుస్తకాలు సరుకు రవాణాలో వేసెయ్.

ఈ కాటా పద్ధతి చూసి విసుక్కునే ముందు ఇక్కడి విమానాల కథ కాస్త తెలుసుకో. 1930లలో ఆర్ట్ విలియమ్స్ అనే అమెరికన్ పైలట్, హ్యారీ వెంట్ అనే మెకానిక్ నీటి మీద కూడా దిగగల చిన్న విమానంతో ఇక్కడ పని మొదలుపెట్టారు. బ్రిటిష్ గయానా ఎయిర్‌వేస్ అలా పుట్టింది. నదులే వాళ్ల రన్‌వేలు. ఇప్పటికీ ఓగల్‌లోని విమాన ఇంజనీరింగ్ పాఠశాలకు వీళ్లిద్దరి పేర్లే. 1955లో ప్రభుత్వం ఆ సంస్థను కొనుక్కుంది, తర్వాత గయానా ఎయిర్‌వేస్ అని పేరు మార్చింది. నువ్వు వెళ్లే రుపునూని ప్రాంతంలో కోసిన గొడ్డుమాంసాన్ని ఆ రోజుల్లో డీసీ-3 అనే పాతకాలపు విమానాల్లో జార్జ్‌టౌన్‌కు తెచ్చేవారు. 1969 జనవరిలో లెథెమ్‌లో పశువుల ఆసాములు తిరగబడి రన్‌వేలకు అడ్డాలు పెడితే, అడ్డం లేకుండా మిగిలిన మనారి రన్‌వే మీద సైనికుల్ని దింపింది కూడా ఈ సంస్థ విమానాలే.

తర్వాత గయానా ఎయిర్‌వేస్‌కు విదేశాల మోజు పట్టింది. రుమేనియా నుంచి టుపొలెవ్ 154 జెట్ అద్దెకు తెచ్చింది, ఆపైన బోయింగ్ 757తో న్యూయార్క్, టొరంటో తిరిగింది. 1999లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2001లో మూతపడింది. నా దృష్టిలో దాన్ని ముంచింది ఆ పెద్ద జెట్ విమానాలే. కారవాన్లు, ఐలాండర్లు లాంటి చిన్న విమానాలు పెట్టుకుని లోపలి ఊళ్లకే తిరిగిన చిన్న సంస్థలు మాత్రం నిలిచాయి. ట్రాన్స్ గయానా సురినామ్ రాజధాని పారమారిబోకు కూడా వెళ్తుంది, దానికి రెండు ఇంజన్ల బీచ్ 1900 వాడుతుంది.

అమ్మగారికి చెప్పు, కారవాన్‌ది టర్బైన్ ఇంజను, అడవుల్లో పొట్టి రన్‌వేల మీద ప్రపంచమంతటా వాడేది అదే. మబ్బు పట్టిందని పైలట్ ప్రయాణం ఆపితే మాత్రం వాదించకు. వాదించే ప్రయాణికుల్ని చూశాను, వాళ్ల తెలివికి దండం పెట్టాలి.

ప్రశ్న

ధన్యవాదాలు అక్కా. పుస్తకాలు బస్సులో పంపలేనా?

జవాబు, లెథెమ్ నుంచి

డాక్టరు గారూ, పంపవచ్చు. లిండెన్ అనే ఊరి మీదుగా లెథెమ్‌కు మినీబస్సులున్నాయి. రాత్రంతా ప్రయాణం, మధ్యలో కురుపుకారి దగ్గర ఎసెక్విబో నది దాటాలి. మే నుంచి ఆగస్టు దాకా వానలకు ఆ మట్టిరోడ్డు ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం. పుస్తకాలకు ప్లాస్టిక్ సంచి చుట్టి మరీ పంపండి.

ఇక్కడ మకూషీ, వపిషానా అనే ఆదివాసీ ప్రజలే ఎక్కువ. సామాను కొనాలంటే జార్జ్‌టౌన్ దాకా వెళ్లనక్కర్లేదు, సరిహద్దులోని తకుటు నది వంతెన దాటితే బ్రెజిల్‌లోని బొన్‌ఫిమ్, అక్కడి నుంచి 125 కిలోమీటర్లలో బోవా విస్టా. వీసా నిబంధనలు ముందే కనుక్కోండి. వంతెన దగ్గర వాహనాలు ఎడమ నుంచి కుడికి మారతాయి, మొదటిసారి మీరే నడపకండి.

పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా సంగతి అక్క చెప్పడం మరిచారు. విజయవాడలో బయలుదేరకముందే అనుమతి ఉన్న కేంద్రంలో వేయించుకుని టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. అది లేకుండా గయానా నుంచి ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.