కమ్యూనిటీ కాలేజీ: ఫీజు కడితే డిగ్రీ చేతికొస్తుందా?

క్వీన్స్‌వాసి:
న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ‘అసాప్’ అనే పథకం మొదలుపెట్టింది. తన కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ల డిగ్రీ ఇచ్చే ప్రభుత్వ కాలేజీల్లో, చేరిన పేద పిల్లలకు పెల్ గ్రాంటు (పేద విద్యార్థులకు అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం) పోగా మిగిలిన ఫీజు భరించింది. పుస్తకాలు, రైలూ బస్సూ ఎక్కడానికి మెట్రోకార్డు, ఒక్కొక్కరికీ ఒక సలహాదారు కూడా. పరిశోధకులు లాటరీ తీసి కొందరిని పథకంలో చేర్చి, మిగతావారితో పోల్చి చూశారు. మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవారు పథకంలో 40 శాతం, బయట 22 శాతం. షరతు ఒకటే ముఖ్యం: పూర్తికాలం చదవాలి. అది సబబేనా అన్నది నా ప్రశ్న. నా మట్టుకు నాకు సబబే. కాస్త కాస్త చదువుతూ ఏళ్లకేళ్లు సాగదీసేవారిలో చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. ప్రజల డబ్బు ఇచ్చినప్పుడు ఫలితం అడగాలి.

గణితం_మేడమ్:
నేను ఒహాయోలో కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతాను. పూర్తికాలం అంటే సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు (కోర్సుల బరువును కొలిచే లెక్క). రాత్రంతా గోదాములో పెట్టెలు మోసి, పొద్దున ఎనిమిదింటికి నా క్లాసులో కూర్చునే పిల్లవాడికి ఆ లెక్క కుదరదు.

ఆ పిల్లవాడి సంగతే చెబుతాను. సెమిస్టరు మొదలైన ఐదో వారంలో తల్లికి ఆపరేషన్ అయింది, చదువు మానేశాడు. సెమిస్టరులో 60 శాతం గడవకముందే మానేస్తే పెల్ సొమ్ములో కొంత వెనక్కి వెళ్లిపోవాలన్నది కేంద్ర నిబంధన. కాలేజీ ఆ మొత్తం తిరిగి కట్టి, అతని పేరున బాకీ రాసింది. అది తీరేదాకా మళ్లీ పేరు నమోదు చేసుకోనివ్వలేదు. సాయం కోసం వచ్చినవాడు అప్పుతో ఇంటికెళ్లాడు. ఇందులో అతని బద్ధకం ఎక్కడుందో నాకు కనబడలేదు.

హెచ్4_తండ్రి:
ఒక్క మాట. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చేది) మీదున్న మన పిల్లలకు పెల్ రాదు, గ్రీన్ కార్డు ఉండాలి. కొత్తగా వచ్చినవారు ముందే తెలుసుకోండి.

గుంటూరు_లెక్చరర్:
మేడమ్ గారూ, మా దగ్గరా ఇదే సమస్య. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఫీజుకు విద్యా దీవెన, తిండికీ వసతికీ వసతి దీవెన అని రెండు పథకాలు విడివిడిగా నడిచాయి. రెండోదాని కింద డిగ్రీ పిల్లలకు ఏడాదికి 20,000 రూపాయలు తల్లి ఖాతాలో పడేవి. ఫీజు ఒక్కటే చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. అయితే డబ్బు ఎంత అన్నదానికన్నా ఎప్పుడొస్తుంది అన్నదే పిల్లల్ని ఎక్కువ ఏడిపిస్తుంది. ప్రభుత్వం బకాయి పడితే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తాయి. పరీక్షలన్నీ పాసై కూడా టీసీ కోసం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను.

క్వీన్స్‌వాసి:
మేడమ్ గారూ, మీ ఒహాయోలోనే మూడు కాలేజీలు అసాప్ నమూనాను అమలు చేశాయి కదా. పెట్రోలుకో సరుకులకో నెలకు 50 డాలర్ల కార్డు ఇచ్చారు. అక్కడా పూర్తికాలం షరతు ఉంది. మూడేళ్ల ఫలితం 35 శాతం, పథకం లేనివారిలో 19. షరతు తీసేస్తే ఈ తేడా నిలుస్తుందా?

గణితం_మేడమ్:
తేడా తెచ్చింది 12 క్రెడిట్లేనని ఎలా తేల్చారు? ఆ కార్డు ఊరికే చేతిలో పెట్టలేదు, సలహాదారును కలుస్తూ ఉంటేనే ఇచ్చారు. ఏ కోర్సు వదిలితే గ్రాంటుకు ఎసరొస్తుందో ముందే చెప్పే మనిషి అక్కడ దొరికాడు. నా విద్యార్థికి దొరకనిది అదే.

టెనెస్సీ రాష్ట్రం చూడండి. 2015 నుంచి అక్కడ కమ్యూనిటీ కాలేజీ ఫీజు ఉచితమన్నారు. పెల్ లాంటి గ్రాంట్లు పోగా మిగిలిన ఫీజు మాత్రమే ఆ పథకం కడుతుంది. కాబట్టి పెల్‌తోనే ఫీజు తీరిపోయే నిరుపేదకు దాని నుంచి పైసా రాదు. అద్దె, పెట్రోలు, పిల్లల సంరక్షణ అతని నెత్తినే ఉంటాయి. పూర్తికాలం షరతు మాత్రం అతనికీ వర్తిస్తుంది.

నేను షరతులే వద్దనడం లేదు. నెలనెలా సలహాదారును కలవాలనండి, తీసుకున్న కోర్సులు పాసవ్వాలనండి, ఒప్పుకుంటాను. ఇవన్నీ చేస్తూ ఉద్యోగం వల్ల తొమ్మిది క్రెడిట్లే తీసుకోగలిగిన పిల్లకు ఆ 50 డాలర్ల కార్డు ఇవ్వడానికి మీకు అభ్యంతరం ఏమిటో చెప్పండి.