వేడి పాలు పెడితే పాలైస్ ముందు గడ్డకడుతుందా? ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

కొర్లగుంట కుర్రోడు:
తిరుపతి ఎండల గురించి చెప్పక్కర్లేదు, పిల్లలకి ఇంట్లోనే పాలైస్ పోస్తున్నాం. కాచిన పాలు చల్లార్చకుండా వేడిగానే ఫ్రీజర్లో పెడితే ముందు గడ్డకడతాయని మా బామ్మర్ది వాదన, దానికి సైన్స్‌లో పేరు కూడా ఉందంట. నాకైతే వాట్సాప్ సరుకులా ఉంది. తెలిసినోళ్లు చెప్పండి.

చిత్తూరు చిన్నోడు:
వాట్సాప్ కాదన్నా, ఎంపెంబా ఎఫెక్ట్ అంటారు. 1963లో టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే స్కూలు పిల్లోడు ఐస్‌క్రీమ్ చేస్తూ, ఫ్రీజర్లో చోటు దొరకదేమోనని పాలు వేడిగానే పెట్టేశాడు. అవే ముందు గడ్డకట్టాయి. క్లాసులో అందరూ ఎగతాళి చేసినా వదల్లేదు, స్కూలుకి వచ్చిన డెనిస్ ఆస్బర్న్ అనే ప్రొఫెసర్‌నే అడిగేశాడు. 1969లో ఇద్దరి పేర్లతో పేపర్ వచ్చింది.

లెక్కల మాస్టారు:
కథ బాగుంది బాబూ, లెక్క చూడు. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ చల్లబడాలంటే ఒక కేలరీ వేడి పోవాలి, సున్నాకి వచ్చాక గడ్డకట్టడానికి ఇంకో 80. అంటే 30 డిగ్రీల నీళ్లకి 110, 80 డిగ్రీల నీళ్లకి 160. పైగా వేడినీళ్లు కూడా 30 దాటే కదా కిందికి పోవాలి!

చిత్తూరు చిన్నోడు:
ఆ 30కి వచ్చేసరికి అవి అవే నీళ్లు కావు సార్. కొంత ఆవిరైపోయి ఉంటాయి, కరిగిన గాలి పోయి ఉంటుంది, లోపల కిందామీదా తిరుగుతుంటాయి.

లెక్కల మాస్టారు:
మూత పెట్టు, ఆవిరి గొడవ ఉండదు. 2016లో బర్రిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు జాగ్రత్తగా కొలిస్తే అసలు ఎఫెక్టే కనపడలేదు. థర్మామీటర్ ఒక సెంటీమీటర్ అటూఇటూ అయినా ఫలితం తారుమారు కావచ్చని తేలింది.

చిత్తూరు చిన్నోడు:
2020లో కెనడాలో నీళ్లలోని చిన్న పూసతో ఈ ఎఫెక్ట్‌ని చేసి చూపించారు కదా, వేడి నుంచి మొదలైనదే ముందు చల్లబడిందని?

లెక్కల మాస్టారు:
అక్కడ గడ్డకట్టిందేమీ లేదు. ఆ పూసకీ పాలైస్‌కీ ఏంటి సంబంధం?

పలమనేరు అక్క:
ఇంతకీ గడ్డకట్టడమంటే ఏది? పైన పొర కట్టడమా, పుల్ల ఊడిరాకుండా లోపలిదాకా బిగుసుకోవడమా? నీళ్లు ఒక్కోసారి సున్నా కంటే కిందికి పోయినా నీళ్లలాగే ఉంటాయి, ఎప్పుడు గడ్డకడతాయో చెప్పలేం. ఎవరు దేన్ని చూసి టైం రాసుకున్నారో తేలకుండా మీరిద్దరూ కొట్టుకుంటున్నారు.

ఫ్రిజ్ రిపేరు, తిరుచానూరు రోడ్డు:
సార్లూ, ఫ్రిజ్ ఏదని ఎవరూ అడగలేదేంది? పాత సింగిల్ డోర్ అయితే ఫ్రీజర్లో మంచు పేరుకుంటుంది, అది దుప్పటిలా అడ్డం. వేడి గిన్నె పెడితే కింద మంచు కరిగి, గిన్నె అడుగు ఫ్రీజర్ రేకుకి బాగా ఆనుకుంటుంది. చల్ల గిన్నె మంచు మీదే కూర్చుంటుంది. ఫ్రాస్ట్ ఫ్రీలో ఈ గొడవ లేదు. నేను చూసినంతవరకు ఇంట్లో జరిగే మాయ ఎక్కువగా ఇదే.

కొర్లగుంట కుర్రోడు:
మాది పాత సింగిల్ డోరేనన్నా, మంచు బెత్తెడు ఉంటుంది.

ఫ్రిజ్ రిపేరు, తిరుచానూరు రోడ్డు:
అయితే ముందు డీఫ్రాస్ట్ కొట్టి, ఒకేరకం గిన్నెలకి మూత పెట్టి చూడండి. పక్కపక్కన మాత్రం పెట్టొద్దు, వేడి గిన్నె రెండోదాన్నీ వెచ్చబెట్టేస్తుంది. మంచు గీకడానికి చాకు వాడారో, గ్యాస్ లీకై నా దగ్గరికే వస్తారు.